చలానాతో పోయేది కాదు



బండికి ఇన్సూరెన్స్ లేకపోతే ఏమవుతుంది? ఎవరినడిగినా తడుముకోకుండా చెబుతారు: చలానా రాస్తారు, రెండు వేలు. ఆ అంకె వినగానే మనసులో ఓ లెక్క మొదలవుతుంది. మధ్యరకం కారుకి థర్డ్ పార్టీ పాలసీ కట్టాలంటే జీఎస్టీతో కలిపి నాలుగు వేలు. పట్టుబడితే కట్టేది అందులో సగం. పట్టుబడటం కూడా ఎప్పుడో ఓసారి. హెల్మెట్ లేని తల దూరం నుంచే కనబడుతుంది గానీ, పాలసీ లేని బండికి నుదుటి మీద రాసి ఉండదు కదా. మరి ఎందుకు కట్టడం?

ఈ లెక్క వేసుకునేవాళ్లు తక్కువేం కాదు. దేశంలో సగానికి పైగా బండ్లకు బీమా అమల్లో లేదని పార్లమెంటు స్థాయీ సంఘమే 2024లో చెప్పింది. మోటారు ప్రమాదాల కేసులు నడిపే ప్లీడరుగా ఆ లెక్క ఎక్కడ తేలుతుందో నేను రోజూ చూస్తుంటాను. ఈ కాసేపూ దాన్నే మీ ముందు పెడతాను.

ముందుగా చట్టం మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 146వ సెక్షన్ ఉంది. జనం తిరిగే చోట మోటారు బండి వాడాలంటే థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలంటుంది. షెడ్డులో గుడ్డ కప్పి ఉంచిన తాతగారి కారు జోలికి అది రాదు. ఆ కారు గేటు దాటితే మాత్రం వస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తప్పు నడిపినవాడిది మాత్రమే కాదు, నడపనిచ్చినవాడిది కూడా. పక్కింటి కుర్రాడు "అంకుల్, ఒక్క పది నిమిషాలు బండి ఇస్తారా" అంటే మొహమాటపడి తాళాలు చేతిలో పెట్టిన అంకుల్ కూడా ముద్దాయే. జీతానికి పనిచేసే డ్రైవరుకి మాత్రం చట్టం కొంచెం దయ చూపింది. బీమా లేదన్న సంగతి అతనికి తెలియకపోతే, తెలుసుకునే వీలు కూడా లేకపోతే అతన్ని తప్పు పట్టదు. అప్పుడు యజమాని ఒక్కడే జవాబు చెప్పుకోవాలి.

శిక్ష సంగతి 196వ సెక్షన్ చూసుకుంటుంది. ఇదివరకు వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉండేది. 2019లో చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మొదటిసారి దొరికితే జరిమానా రెండు వేలు, మళ్లీ దొరికితే నాలుగు వేలు. మూడు నెలల జైలు మాట అలాగే ఉంచారు. ఉత్త బీమా లేనందుకే జైలుకి పంపడం అరుదు. అయినా మేజిస్ట్రేటు చేతిలో ఆ అధికారం ఉంది.

రోడ్డు మీద ఎస్సై గారు కట్టించుకునేది కోర్టు వేసే జరిమానా కాదు, అది రాజీ మొత్తం. 200వ సెక్షన్ కింద ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం దాన్ని నిర్ణయించుకుంటుంది. విజయవాడలో కట్టినదీ హైదరాబాదులో కట్టినదీ బెంగళూరులో కట్టినదీ ఒకటిగా ఉండాలని లేదు. కాగితాలు ఇంట్లో మర్చిపోయామన్న భయం ఇప్పుడు అక్కర్లేదు. డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో పాలసీ చూపిస్తే చెల్లుతుంది. అలాగని "ఎవరూ ఆపలేదు కాబట్టి బయటపడ్డాను" అన్న ధీమా కూడా ఎక్కువ రోజులు నిలవదు. ఆర్సీ వివరాలూ పాలసీ వివరాలూ కంప్యూటర్లో ఒకే చోట చేరాయి. ఒడిశాలో టోల్‌గేటు దాటిన బండికి బీమా లేదని కెమెరానే కనిపెట్టి చలానా పంపుతోంది. తక్కిన రాష్ట్రాలూ అదే దారి పట్టేలా ఉన్నాయి.

చట్టానికి ఇంత పట్టుదల దేనికని అడగవచ్చు. ఈ నిబంధన తెల్లదొరల కాలం నాటిది. 1939 చట్టంలోనే రాశారు, 1946 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అప్పటికే కోర్టుల్లో ఒక సంగతి తేలిపోయింది. కారు కింద పడి మనిషి పోతే దావా గెలవడం కష్టం కాదు. గెలిచాక ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలన్నదే సమస్య. డ్రైవరు దగ్గర ఉండదు. యజమాని దగ్గర ఉన్నా కేసు తేలేలోపు ఎవరి పేరు మీదికో మారిపోతుంది. కాబట్టి గుద్దే అవకాశం ఉన్న ప్రతి బండి వెనకా డబ్బు కట్టగల సంస్థ ఒకటి నిలబడి ఉండాలన్నారు. ఈ బీమా మీ కారు కోసం కాదు, మీ కారు ముందుకి వచ్చే మనిషి కోసం. "నేను జాగ్రత్తగా నడుపుతాను, నాకెందుకు" అనేవాళ్లకు ఈ సంగతి ఒక పట్టాన ఎక్కదు.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఒక తాపీమేస్త్రీని ఊహించుకోండి. వయసు 32. నెలకు పదిహేను వేలు సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి వచ్చిన కారు గుద్దింది. మనిషి పోయాడు. కారుకి పాలసీ ముగిసి రెండు నెలలైంది.

పోలీసులు కేసు కడతారు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినందుకు క్రిమినల్ కేసు ఒక పక్క నడుస్తుంది. ఇంకో పక్క మేస్త్రీ కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం కోసం ఓపీ, అంటే ఒరిజినల్ పిటిషన్, వేస్తుంది. అక్కడ జడ్జిగారు పరిహారాన్ని తన ఇష్టానికి నిర్ణయించరు. 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు లెక్క కట్టే పద్ధతి చెప్పింది. మీరు కూడా కాగితం మీద వేసుకోవచ్చు.

నెలకు పదిహేను వేలు. నలభై ఏళ్ల లోపువాడు, సొంతంగా సంపాదించుకునేవాడు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. ఇరవై ఒక్క వేలయింది. ఆధారపడినవాళ్లు నలుగురు, కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 15,750. పన్నెండు నెలలకు 1,89,000. ముప్పై ఒకటి నుంచి ముప్పై అయిదేళ్ల వయసుకి గుణకం పదహారు. హెచ్చవేస్తే 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యకు భర్త, పిల్లలకు తండ్రి, తల్లికి కొడుకు దూరమైనందుకు ఇచ్చేవీ కలిపితే మరో రెండు లక్షలకు పైనే. కేసు వేసిన నాటి నుంచి వడ్డీ. ఏడున్నర శాతం వడ్డీ, నాలుగేళ్ల విచారణ అనుకోండి, అదే తొమ్మిదిన్నర లక్షలు దాటుతుంది.

మొత్తం నలభై లక్షల పైమాట. పోయింది ఏ సాఫ్ట్‌వేర్ ఇంజినీరో కాదు, నెలకు పదిహేను వేలు తెచ్చుకునే మనిషి.

ఆ కారుకి పాలసీ ఉండి ఉంటే ఈ మొత్తం బీమా కంపెనీ కట్టేది. ఆస్తి నష్టానికి పరిమితులున్నాయి, కార్లకు ఏడున్నర లక్షలు, ద్విచక్ర వాహనాలకు లక్ష. మనిషి ప్రాణానికీ గాయాలకూ మాత్రం థర్డ్ పార్టీ పాలసీలో పరిమితి లేదు. ట్రిబ్యునల్ ఎంత వేస్తే అంత. దానికి తీసుకునే ప్రీమియం ఎంతో చూడండి. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కారుకి ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. మామూలు 100, 125 సీసీ మోటారు సైకిలుకి 714 రూపాయలు. నలుగురు కలిసి హోటల్లో బిర్యానీ తింటే అయ్యే బిల్లు కన్నా తక్కువ.

పాలసీ లేదు కాబట్టి అవార్డు, అంటే ట్రిబ్యునల్ ఇచ్చిన పరిహారం తీర్పు, డ్రైవరు మీదా యజమాని మీదా పడుతుంది. ముప్పై రోజుల్లో డిపాజిట్ చేయాలంటారు. చేయలేదనుకోండి, మేస్త్రీ కుటుంబం ఈపీ, అంటే తీర్పు అమలు చేయించమనే పిటిషన్, వేస్తుంది. కోర్టు వాళ్లు జీతంలో కోత పెట్టించగలరు, బ్యాంకు ఖాతా పట్టుకోగలరు, స్థలం జప్తు చేయగలరు. 174వ సెక్షన్ ఇంకో దారి కూడా చూపిస్తుంది. ట్రిబ్యునల్ కలెక్టరు గారికి సర్టిఫికెట్ పంపితే, భూమి శిస్తు బకాయిని వసూలు చేసినట్టే ఆ డబ్బు వసూలు చేస్తారు. యజమాని మధ్యలో కాలం చేసినా కథ ముగియదు. వారసులకు ఎంత ఆస్తి వచ్చిందో అంత మేరకు అప్పు కూడా వెంట వస్తుంది. కూతురి పెళ్లికని ఉంచిన ప్లాటు ఈపీలో వేలానికి వచ్చిన ఇళ్లున్నాయి.

కారు సంగతి వేరే. ప్రమాదం చేసిన బండికి బీమా లేకపోతే, తగిన పూచీ ఇచ్చేదాకా దాన్ని విడుదల చేయకూడదన్నది నియమం. పూచీ ఇవ్వకపోతే మూడు నెలల తర్వాత వేలం వేసి, ఆ డబ్బు ట్రిబ్యునల్లో జమ చేయాలి. అన్ని రాష్ట్రాలూ ఈ నియమం పెట్టుకోవాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత కేంద్ర నిబంధనల్లోనూ చేరింది. బీమా ఉన్న బండి స్టేషన్ ఆవరణ నుంచి కొన్నాళ్లకు ఇంటికొస్తుంది. లేని బండి అక్కడే గడ్డిలో తుప్పు పడుతుంది.

మా ఆఫీసుకి వచ్చేవాళ్లు ఈ దశలో అడిగే మాట ఒకటుంది. "సార్, ఇప్పుడు కట్టేస్తే పనికిరాదా?" జరిగాక కట్టేదాన్ని బీమా అనరు. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది. 1991 డిసెంబరు 10. మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు ప్రమాదం జరిగింది. అదే రోజు 2 గంటల 55 నిమిషాలకు ఆ బండికి పాలసీ తీసుకున్నారు. తేదీ ఒకటే కదా, ఆ రోజుకి పాలసీ ఉన్నట్టే కదా అని వాదించారు. పాలసీ మీద టైము వేసి ఉంది, ఆ టైము నుంచే కంపెనీ బాధ్యత అని సుప్రీంకోర్టు తేల్చింది. ముప్పై అయిదు నిమిషాల తేడా. పరిహారం యజమాని నెత్తిన పడింది. అర్ధరాత్రితో పాలసీ ముగుస్తుంటే "రేపు ఆఫీసుకెళ్లి చేయిస్తాలే" అనుకునేవాళ్లు ఈ కేసుని గుర్తుపెట్టుకుంటే చాలు.

బీమా కావాలని ఎగ్గొట్టేవాళ్ల కన్నా మర్చిపోయేవాళ్లే ఎక్కువని నా అనుభవం. దానికి కారణం కూడా ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొంటే మూడేళ్లకు, కొత్త బైకు కొంటే అయిదేళ్లకు థర్డ్ పార్టీ పాలసీ షోరూంలోనే కట్టించుకుంటున్నారు. అదీ సుప్రీంకోర్టు ఆదేశమే, మంచికే పెట్టారు. కానీ దాంతోపాటు మన బండికి జరిగే నష్టానికి తీసుకునే పాలసీ ఏడాదికే ఉండవచ్చు. ఒకటి ముగిసినప్పుడు ఫోన్లు వస్తాయి, మెసేజీలు వస్తాయి. థర్డ్ పార్టీది అయిదేళ్ల తర్వాత ముగిసేసరికి ఏజెంటు మారిపోయి ఉంటాడు, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది. ఊళ్లలో అయిదేళ్లు దాటిన బైకుల్ని చూడండి. సగం బైకులు షోరూంలో కట్టించిన పాలసీ తర్వాత ఇంకో పాలసీ మొహం చూసి ఉండవు.

పాలసీ చేతిలో ఉండీ లేనట్టే అయ్యే సందర్భాలూ ఉన్నాయి. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేది ట్రాక్టరు వ్యవహారం. వ్యవసాయ పనికని తక్కువ ప్రీమియంతో పాలసీ తీసుకుంటారు. మాఘమాసం వచ్చిందంటే ఆ ట్రాలీలోనే గడ్డి పరిచి, పట్టా వేసి పెళ్లివారిని ఎక్కిస్తారు. జాతరకు తీసుకెళ్తారు. మలుపులో ట్రాలీ బోల్తా పడుతుంది. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుల విషయంలో కంపెనీకి బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని కేసుల్లో కోర్టులు జాలిపడి, కంపెనీని ముందు కట్టమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని అంటాయి. బాధితులకు అది ఊరట. ట్రాక్టరు రైతుకి మాత్రం కాదు. ఒక్కరు కాదు, ఒక ట్రాలీ నిండా మనుషులు. ఆ పరిహారాలన్నీ కలిపితే నాలుగెకరాలు అమ్మినా తీరవు. సాయానికి పోయి కొంప ముంచుకోవడమంటే ఇదే.

లైసెన్సు లేని కుర్రాడి చేతికి బండి ఇచ్చినా ఇదే తంతు. కంపెనీ బాధితుడికి కట్టి, మన మీదికి వస్తుంది. ఇక థర్డ్ పార్టీ వరకే ఉండే చవకైన యాక్ట్ ఓన్లీ పాలసీలో బైకు వెనక కూర్చున్న మనిషికి రక్షణ లేదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. భార్యను వెనక ఎక్కించుకుని రోజూ తిరిగేవాళ్లు ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకోవడమో, వెనక కూర్చునేవాళ్లకు విడిగా ప్రీమియం కట్టడమో చేయాలి. పాలసీ కాగితం మీద ఆ ముక్క ఉందో లేదో కళ్లజోడు పెట్టుకుని ఓసారి చదువుకోండి.

అమ్మేసిన బండ్ల సంగతి కూడా చెప్పాలి. పాత స్కూటరు పదివేలకు ఇచ్చేస్తాం. తెల్లకాగితం మీద రాయించుకుంటాం, ఫారాల మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకుంటాం. కొన్నవాడు పేరు మార్పించుకోడు. అతని దగ్గర ఇంకొకడు కొంటాడు. ఏదో జిల్లాలో ప్రమాదం జరుగుతుంది, బీమా ఉండదు, నోటీసు మన ఇంటికి వస్తుంది. "అమ్మి ఆరేళ్లయింది సార్" అంటే ట్రిబ్యునల్ వినదు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, బండి ఎన్ని చేతులు మారినా సరే అని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లోపు ఆర్టీవో ఆఫీసుకి తెలియజేయాలి. కొన్నవాడి మీద వదిలేయకండి.

ఇప్పటిదాకా యజమానుల మాటే చెప్పాను. గుద్దించుకున్నవాళ్ల మాట కూడా కొంచెం. గుద్దిన బండికి బీమా లేదని తెలియగానే కొందరు నీరుగారిపోయి కేసే వేయరు. వేయాలి. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి, బండికి బీమా ఉన్నా లేకపోయినా, మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి. బండి ఆపకుండా పారిపోయి, నంబరు దొరక్కపోతే, చనిపోయినవారి కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు ప్రభుత్వ నిధి నుంచి వస్తాయి. ఇక్కడే చట్టంలో ఒక వెలితి ఉంది, దాన్ని దాచి లాభం లేదు. పారిపోయిన బండి బాధితుడికి ఆ నిధి ఉంది. నంబరు దొరికి, బీమా లేదని తేలిన బండి బాధితుడికి మాత్రం పరిహారం కోసం యజమాని ఆస్తి ఒక్కటే దిక్కు. ఆ యజమాని రెక్కాడితే గానీ డొక్కాడని ఆటోవాడైతే అవార్డు కాగితం బీరువాలోనే మూలుగుతుంది. ఈ వెలితిని పూడ్చే బాధ్యత ప్రభుత్వానిదేనని నా అభిప్రాయం.

కేసు ఎక్కడ వేయాలన్న దానికి కూడా కంగారు అక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బెంగళూరులో కూలికి వెళ్లి అక్కడ ప్రమాదంలో పోయిన మనిషి కుటుంబం అనంతపురంలో ఉంటే అనంతపురంలోనే వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని చట్టంలో ఇప్పుడు గడువు ఉంది కాబట్టి దినాలయ్యాక చూద్దాం, సంక్రాంతి పోయాక చూద్దాం అని వాయిదా వేయకండి. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు లేదా గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు జాగ్రత్తగా పెట్టుకోండి. ప్లీడరుకి ఇచ్చుకునే స్తోమత లేదంటారా, ఆడవాళ్లకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరుని పెడుతుంది. ఆ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, గేటు దగ్గర ఎవరినడిగినా చూపిస్తారు.